పలచగా మండాలంటే

మాస్టారి స్మారకోపన్యాసం

 

తన పేరు మీద పతకాలు, బహుమతులు పెట్టవద్దని, మాకు ల్యాబులో ఇంజన్ల చదువు చెప్పిన మాస్టారు గట్టిగా చెప్పి వెళ్ళారు. ఏడాదికోసారి కూర్చుని ఇంజన్ల గురించి నాలుగు పనికొచ్చే మాటలు చెప్పుకుంటే చాలన్నారు. అందుకే ఆహ్వాన పత్రికలో ఆయన పేరు అచ్చు వెయ్యలేదు. ఈ హాల్లో ఉన్నవాళ్ళకు మాస్టారంటే ఎవరో చెప్పనక్కర్లేదు.

ఆయన ల్యాబులో మొదటి రోజు ఇంజను మీద గుడ్డ కప్పి ఉండేది. బల్ల మీద ఒక సీసాలో పెట్రోలు, పక్కన వడపోత కాగితం. ఒక్క చుక్క కాగితం మీద వేసి, ఎవరూ ఊదవద్దని చెప్పి, గడియారం చూస్తూ నిలబడేవారు. రెండు నిమిషాల్లో చుక్క ఆరిపోయేది. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని వరసలో చివరి కుర్రాడి దాకా చూపించేవారు. మరక ఉండేది కాదు. తర్వాత అదే పెట్రోలులో కాస్త కిరోసిన్ కలిపి ఇంకో చుక్క వేసేవారు. ఈసారి చుక్క ఎంతసేపటికీ పూర్తిగా ఆరేది కాదు. జిడ్డు మరక మిగిలిపోయేది. "ముందు పెట్రోలు చూడండిరా, తర్వాత ఇంజను చూద్దాం" అనేవారు.

ఆ మాటే ఈ ఉపన్యాసానికి మూలం. ఇంజను పొదుపుగా నడవడం ఇంజను ఒక్కదాని ప్రతిభ అనుకుంటాం. కంపెనీ మైలేజీ అంకె వేస్తుంది, మనం ఆ అంకె చూసి బండి కొంటాం. కానీ పెట్రోలు ఇంజన్లలో పొదుపు కోసం మనిషి వేసిన అతి పెద్ద అడుగుల్లో ఒకటి, ఇంజను బాగాలేక కాదు, పెట్రోలు బాగాలేక తడబడింది. ఆ కథను మన పత్తి, మిరప పొలాల మధ్య నిలబడి చెప్పుకుంటే, దానిలో మన పాఠం మనకు కనిపిస్తుంది.

గాలి లెక్క

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్పుకుంటే, ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి. పెట్రోలు ఇంతకంటే ఎక్కువైతే మన మెకానిక్కులు రిచ్ అంటారు, గాలి ఎక్కువైతే లీన్ అంటారు. లీన్‌ని ఈ సాయంత్రం నేను పలచన అంటాను, మజ్జిగ పలచన అన్నట్టు.

పెట్రోలు ఇంజనుకు పుట్టుకతో ఒక ఇబ్బంది ఉంది. బండి నెమ్మదిగా పోవాలంటే పెట్రోలు తగ్గించాలి. పాళ్ళు తప్పకూడదు కాబట్టి గాలినీ తగ్గించాలి. గాలిని తగ్గించే తలుపే థ్రాటిల్. సగం మూసిన ఆ తలుపు సందులోంచి పిస్టను గాలి లాక్కోవాలి. ముక్కు సగం మూసుకుని మిరప టిక్కీ మోసే హమాలీ ఎంత ఆయాసపడతాడో, ఇంజను అంత ఆయాసపడుతుంది. తన బలంలో కొంత ఊపిరి పీల్చుకోవడానికే ఖర్చు చేసుకుంటుంది. డీజిల్ ఇంజనుకు ఈ బాధ లేదు. గాలి ఎప్పుడూ నిండుగా పీల్చుకుంటుంది, బరువును బట్టి డీజిల్ ఎక్కువో తక్కువో కొడుతుంది. కాలవగట్ల మీద మనం చూసిన ఆయిల్ ఇంజన్లు కొంచెం నూనెతో పొలమంతా తడపడానికి ఇదీ ఒక కారణం.

పెట్రోలు ఇంజను కూడా గాలి నిండుగా పీల్చుకుని పెట్రోలు మాత్రమే తగ్గించుకుంటే? ఊపిరి ఆయాసం పోతుంది. మంట వేడి తగ్గి సిలిండరు గోడలకు పోయే నష్టం తగ్గుతుంది. అదనపు గాలి ఉన్న మిశ్రమం వ్యాకోచించేటప్పుడు అదే వేడితో ఎక్కువ పని చేసి పెడుతుంది. చిక్కు ఒక్కటే. మామూలు ఇంజనులో ఒక పాలు పెట్రోలుకు ఇరవై పాళ్ళు గాలి దాటేసరికి ప్లగ్ రవ్వకు మిశ్రమం సరిగా అంటుకోదు. ఇంజను తడబడుతుంది, మండని పెట్రోలు సైలెన్సర్లోంచి పోతుంది.

ఈ చిక్కుకు విడుపు మన వంటింట్లోనే ఉంది. వానకు తడిసిన పత్తికట్టెతో పొయ్యి వెలిగించడం మా అమ్మకు రోజువారీ పని. కట్టెలన్నిటికీ ఒకేసారి నిప్పు పెడితే పొగ తప్ప మంట రాదు. ఆమె పొయ్యి నోట్లో గుప్పెడు ఎండు చితుకులు పేర్చి, వాటికి నిప్పు పెట్టి, అది రాజుకున్నాక గొట్టంతో ఊదేది. ఇంజనీర్లు చేసిందీ అదే. పెట్రోలును గాలితో ముందే కలపకుండా, పిస్టను పైకి వచ్చి గాలిని నొక్కే చివరి క్షణాల్లో నేరుగా సిలిండరులోకే చిమ్మారు. పిస్టను తలకాయ మీద ఒక గుంట చెక్కి, ఆ చిమ్మిన మబ్బు చెదరకుండా ప్లగ్ దగ్గరికి చేరేలా చేశారు. ప్లగ్ చుట్టూ ఉన్న చిన్న మబ్బు సులువుగా అంటుకుంటుంది. దాని చుట్టూ గాలే. సిలిండరు మొత్తం లెక్క చూస్తే అతి పలచన, ప్లగ్ దగ్గర మాత్రం సరిపడా చిక్కన. దీన్నే డైరెక్ట్ ఇంజెక్షన్ పద్ధతిలో పొరలుగా మండించడం అంటారు.

ఆలోచన కొత్తది కాదు. నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే కార్లు జర్మనీలో 1950లలోనే వచ్చాయి. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ వాటిలో పేరుమోసింది. 1970లలో హోండా సంస్థ సీవీసీసీ అనే ఇంజనులో ప్లగ్ దగ్గర ఒక చిన్న గది కట్టి, అందులో చిక్కని మిశ్రమాన్ని వెలిగించి, ఆ మంటతో పెద్ద గదిలోని పలచని మిశ్రమాన్ని మండించింది. కానీ కంప్యూటరు అదుపులో, ప్రతి చుక్కకూ వేళ నిర్ణయించి, జనం కొనే కారులో ఈ పద్ధతిని తెచ్చింది 1996లో మిత్సుబిషి. జపానులో అమ్మిన గాలంట్ కారులోని 1.8 లీటర్ల జీడీఐ (గ్యాసోలిన్ డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజను, ఒక పాలు పెట్రోలుకు 40 పాళ్ళ గాలి దాకా పోగలనని చెప్పింది. 14.7 ఎక్కడ, 40 ఎక్కడ! ఆ పిస్టను బొమ్మ ఉన్న పత్రిక మాస్టారి చేతిలో నేను మొదటిసారి చూశాను. ఆయన దాన్ని ల్యాబు గోడకు అంటించి, కింద ఎర్ర సిరాతో ఒక ప్రశ్న రాశారు: "దీనికి పోసే పెట్రోలు ఎక్కడ?"

గంధకం

ఆ ప్రశ్న ఎందుకు రాశారో తెలియాలంటే సైలెన్సరు వైపు వెళ్ళాలి. కారు పొగలో మూడు విషాలు ప్రధానం: కార్బన్ మోనాక్సైడు, మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు. పొగ గొట్టంలో పెట్టే కెటాలిటిక్ కన్వర్టరు ఈ మూడింటినీ ఒకేసారి శుభ్రం చేస్తుంది, కానీ మిశ్రమం సరిగ్గా 14.7 దగ్గర ఉన్నప్పుడే. పలచని మంటలో పొగ నిండా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది. అంత ఆక్సిజన్ మధ్య నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టడం ఆ కన్వర్టరు వల్ల కాదు. అంటే పెట్రోలు మిగిలింది గానీ విషం తీరలేదు.

దీనికి మరో ఉపాయం కనిపెట్టారు. బేరియం ఉన్న ఒక పూత. నైట్రోజన్ ఆక్సైడ్లను అది నైట్రేటుగా పట్టి దాచుకుంటుంది. కొంతసేపు దాచుకుని నిండాక, ఇంజను రెండు మూడు సెకన్లు చిక్కగా మండుతుంది. ఆ చిక్కని పొగలో దాచిన నైట్రేటు విడిపోయి, మామూలు నైట్రోజన్‌గా బయటికి పోతుంది. మళ్ళీ పలచన, మళ్ళీ దాచడం. చక్కని ఏర్పాటు. కానీ బేరియానికి నైట్రేటు కంటే గంధకం మీద మోజు ఎక్కువ. పెట్రోలులోని గంధకం మండి, సల్ఫేటుగా మారి, ఆ పూతను పట్టుకుని కూర్చుంటుంది. నైట్రేటు వదిలినంత తేలిగ్గా సల్ఫేటు వదలదు. దాన్ని ఊడగొట్టాలంటే పొగను 650 డిగ్రీల దాకా వేడెక్కించి, చిక్కగా మండించాలి. అందుకు పెట్రోలు ఖర్చవుతుంది. పెట్రోలులో గంధకం ఎంత ఎక్కువో, ఆ పని అంత తరచు. పలచగా మండి మిగుల్చుకున్నదంతా గంధకాన్ని ఊడగొట్టడానికే పోతుంది.

గంధకం అనగానే మన రైతు ముఖం చిట్లించడు. మిరపలో బూడిద తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం కలిపి కొట్టడం మనందరికీ తెలుసు. 16 లీటర్ల ట్యాంకుకు 48 గ్రాములు. పొడిలో నూటికి 80 పాళ్ళు గంధకం అనుకుంటే 38 గ్రాములు. ఇప్పుడు మన బంకులో దొరికే పెట్రోలులో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. పది లక్షల పాళ్ళలో పది పాళ్ళన్నమాట. దీన్నే 10 పీపీఎం అంటారు. ఆ లెక్కన మనం వీపున మోసే ఒక్క ట్యాంకు గంధకం, 5 వేల లీటర్ల పెట్రోలులో ఉండదగిన మొత్తం గంధకంతో సమానం. 12 వేల లీటర్ల ట్యాంకరు మన ఊరి బంకులో దిగితే, అందులో ఉండదగిన గంధకం 90 గ్రాముల లోపు. అంత చిన్న మొత్తం మీద అంత పెద్ద యంత్ర విద్య నిలబడి ఉంది.

ఇక్కడికి రావడానికి మనకు ఇరవై ఏళ్ళు పట్టింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మారు. సీసం కన్వర్టర్లను పాడుచేస్తుంది, అంతకంటే ముఖ్యంగా పిల్లల మెదళ్ళను పాడుచేస్తుంది. అప్పట్లో గంధకానికి పరిమితి 1000 పీపీఎం. తర్వాత 500కి దిగింది. 2010లో మన హైదరాబాదుతో కలిపి 13 నగరాలకు 50 పీపీఎం పెట్రోలు వచ్చింది, మిగతా దేశానికి 150. హైదరాబాదులో ట్యాంకు నింపుకుని సంక్రాంతికి ఇంటికొచ్చిన కారు, తిరుగు ప్రయాణానికి ఇంకో రకం పెట్రోలు పోయించుకునేది. నగరాల జాబితా పెరుగుతూ పోయి 2017 ఏప్రిల్ 1 నాటికి 50 పీపీఎం దేశమంతటికీ వచ్చింది. మూడేళ్ళకు, 2020 ఏప్రిల్ 1న, బండ్ల పొగకు పెట్టుకున్న భారత్ స్టేజ్ ప్రమాణాల్లో బీఎస్-5ను దాటేసి నేరుగా బీఎస్-6కు వెళ్ళాం. 10 పీపీఎం.

ఈ అంకెల వెనక ఉన్న శ్రమ మనకు దూరపుది కాదు. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిన రిఫైనరీ మన రాష్ట్రపు మొదటి రిఫైనరీ. అక్కడి పెట్రోలు పైపులైనులో విజయవాడ వైపు వచ్చి, ట్యాంకరెక్కి మన జిల్లాలకు చేరుతుంది. రిఫైనరీలో గంధకాన్ని తీయడం అంటే వడగట్టడం కాదు. అది నూనె అణువులోనే బిగుసుకుని ఉంటుంది. ఎంతో వేడిలో, ఎంతో ఒత్తిడిలో హైడ్రోజన్‌ను పట్టించి దాన్ని విడదీయాలి. విడిపోయి వచ్చిన విషవాయువును మళ్ళీ పచ్చని ముద్ద గంధకంగా మార్చాలి. ఆ ముద్ద సల్ఫ్యూరిక్ ఆమ్లమై సూపర్ ఫాస్ఫేటుకు ఉపయోగపడుతుంది. ట్యాంకులో విషమైనది చేలో బలమవుతుంది. ఏ వస్తువుకైనా చోటు ముఖ్యం.

కానీ ఇంజన్ల కథలో ఈ శుభ్రత ఆలస్యంగా వచ్చింది. యూరప్‌లో 10 పీపీఎం పెట్రోలు 2009లో గానీ తప్పనిసరి కాలేదు. అమెరికాలో 2017 దాకా సగటున 30 పీపీఎం ఉండేది. బీఎండబ్ల్యూ తన పలచని మంట ఇంజన్లను యూరప్‌లో అమ్మి, అమెరికాకు పంపిన కార్లలో ఆ పద్ధతి పెట్టలేదు. అక్కడి పెట్రోలులోని గంధకం అందుకు ఒక ముఖ్య కారణం. పెట్రోలు శుభ్రపడేసరికి కంపెనీల దృష్టి మారిపోయింది. చిన్న ఇంజనుకు టర్బో తగిలించి, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంచి, మిశ్రమాన్ని మళ్ళీ 14.7కే తెచ్చారు. 2019లో మన దేశానికి వచ్చిన హ్యుందాయ్ వెన్యూలోని ఒక లీటరు టర్బో జీడీఐ అలాంటిదే. అదే ఏడాది మాజ్డా సంస్థ 30 పాళ్ళు దాటిన పలచనలో నడిచే స్కైయాక్టివ్-ఎక్స్ తెచ్చింది గానీ, అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే. రైతుకు తెలిసిన మాటలో చెప్పాలంటే, విత్తనం మంచిదే, నేలలో పదును వచ్చేసరికి అదును దాటిపోయింది.

ఆటో, కిరోసిన్

మన రోడ్ల మీద సామాన్యులకు డైరెక్ట్ ఇంజెక్షన్ అందింది కారుతో కాదు, ఆటోతో. 2007లో బజాజ్ ఆటో, ఆస్ట్రేలియాలోని ఆర్బిటల్ సంస్థ పరిజ్ఞానంతో జీడీఐ ఆటోను తెచ్చింది. టూ స్ట్రోక్ ఇంజనులో కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారి, పాత పొగ బయటికి పోయే దారి ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. అందుకని కొత్త పెట్రోలులో కొంత మండకుండానే బయటికి పోతుంది. పాత ఆటో వెనక నిలబడితే ముక్కుకు తగిలే పచ్చి పెట్రోలు వాసన అదే. పొగదారి మూసుకున్నాక నేరుగా సిలిండరులోకి చిమ్మితే ఆ నష్టం తప్పుతుంది. చిలకలూరిపేట సెంటర్లో పదిమందిని ఎక్కించుకుని నెమ్మదిగా పోయే ఆటోకు ఇంతకంటే తగిన ఉపాయం ఏముంది?

అయితే ఆ కాలంలో దేశంలో చాలాచోట్ల ఆటోల ట్యాంకుల్లో పెట్రోలుతోపాటు ఇంకేం ఉండేదో అందరికీ తెలుసు. రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలిపినా, ధరల తేడా ఆ రంగును మరిపించేది. కిరోసిన్‌లో గంధకం 2500 పీపీఎం దాకా ఉండవచ్చని ప్రమాణాలే చెప్పాయి. ఈనాటి 10 పీపీఎం పెట్రోలు తొమ్మిది పాళ్ళలో ఆ కిరోసిన్ ఒక్క పాలు కలిపి చూడండి. మిశ్రమంలో గంధకం దాదాపు 260 పీపీఎం. ఇరవై ఏళ్ళ శుద్ధి, వేల కోట్ల రిఫైనరీ ఖర్చు, ఒక్క డబ్బాతో వెనక్కి పోతాయి.

గంధకం ఒక్కటే కాదు. కిరోసిన్ ఆలస్యంగా ఆవిరవుతుంది, ఒత్తిడికి ముందే అంటుకుంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనులో పెట్రోలును 200 బార్లకు మించిన ఒత్తిడితో, వెంట్రుక కంటే కాస్త పెద్ద రంధ్రాల్లోంచి చిమ్ముతారు. ఆ రంధ్రం మూతి మీద జిడ్డు, మసి పేరుకుంటే చిమ్మే తీరు వంకర పోతుంది. ప్లగ్ దగ్గరికి చేరవలసిన మబ్బు పిస్టను మీద పడి మసి అవుతుంది. పాత కార్బురేటర్ ఇంజను మురికి పెట్రోలుతోనూ దగ్గుతూ నడిచేది. ఇంజను ఎంత నేర్పుగలదైతే, ఇంధనం అంత నిజాయితీగా ఉండాలి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకో టూ స్ట్రోక్ స్కూటరు ఉండేది. చిలకలూరిపేటలో పని చూసుకుని మార్టూరు వైపు వస్తూ దారిలో ఒక బంకులో పెట్రోలు పోయించుకున్నాను. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి ఇంజను టకటకా కొట్టడం మొదలైంది, ఆపైన వెనక చక్రం ఒక్కసారి బిగుసుకుంది. లారీ ఏదీ వెనక లేకపోవడం నా అదృష్టం. బండిని ట్రాలీ మీద వేయించుకుని మాస్టారి దగ్గరికి చేర్చాను. ఆయన హెడ్డు విప్పకముందే ట్యాంకు మూత తీసి వేలు ముంచి, ఎండలో ఆరనిచ్చి, చూపుడువేలు బొటనవేలు రాసి చూశారు. జిడ్డు మిగిలింది. అప్పుడు హెడ్డు విప్పారు. పిస్టను తల అంచున ఎలక కొరికినట్టు గుంటలు. "ఇది నీ బండి తప్పు కాదు" అని, ఆ పిస్టనును ల్యాబు బీరువాలో పెట్టారు. ఏటేటా కొత్త బ్యాచికి చూపించేవారు. అది ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉంది.

మిరప చేలో స్ప్రేయరు

ఇప్పటిదాకా చెప్పింది తెలిసి చేసిన పలచన. తెలియకుండా జరిగే పలచన ఒకటి ఉంది. అది ఇవాళ మన చేలల్లో నడుస్తోంది.

పెట్రోలులో ఎథనాల్ కలపడం మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాలతో మొదలైంది, వాటిలో మన రాష్ట్రమూ ఉంది. 2022 నాటికి నూటికి పది పాళ్ళు చేరింది. 2023లో ఇరవై పాళ్ళ పెట్రోలు బంకులకు రావడం మొదలై, 2025కల్లా అదే మామూలు పెట్రోలైంది. నేను ఎథనాల్‌కు వ్యతిరేకిని కాను. చెరకు, మొక్కజొన్న, నూకల బియ్యం నుంచి వచ్చే ఇంధనం దిగుమతి భారాన్ని తగ్గిస్తుంది, రైతుకు మరో కొనుగోలుదారును తెస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనుకైతే అది మంచి తోడు. సిలిండరులో ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెట్టింపుకు మించి వేడి పీల్చుకుని గాలిని చల్లబరుస్తుంది, ఇంజను టకటకా కొట్టే నాకింగ్‌ను తట్టుకుంటుంది.

అయితే ఎథనాల్‌లో ఆక్సిజన్ పుట్టుకతోనే ఉంది. కిలో ఎథనాల్ మండడానికి 9 కిలోల గాలి చాలు. ఇరవై పాళ్ళ మిశ్రమానికి 13.5 చాలు. 14.7కు జెట్ బిగించిన పాత కార్బురేటరులో ఈ పెట్రోలు పోస్తే, ఎవరూ స్క్రూ తిప్పకుండానే మిశ్రమం 7, 8 శాతం పలచనవుతుంది. బీఎస్-6 బండ్లలో పొగను వాసన చూసే సెన్సరు ఉంటుంది. అది తేడా కనిపెట్టి పెట్రోలు కాస్త ఎక్కువ కొట్టిస్తుంది. కార్బురేటరుకు ఆ ముక్కు లేదు.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి ముక్కులేని ఇంజను ఎక్కడుంది? పాత మోటారు సైకిళ్ళ సంగతి ఉంచండి. మిరప, పత్తి చేలో మందు కొట్టే మనిషి వీపు మీద ఉంది. మనం తైవాన్ స్ప్రేయరు అనే ఆ టూ స్ట్రోక్ ఇంజను, లీటరు పెట్రోలుకు 40, 50 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపి పోస్తే నడుస్తుంది. 2021లో నల్ల తామరపురుగు మిరప మీద పడ్డ దగ్గర్నుంచి మందు కొట్టే విడతలు పెరిగాయి, ఆ ఇంజన్లకు విశ్రాంతి తగ్గింది. పలచని మిశ్రమంతో, ఎర్రటి ఎండలో, పూర్తి వేగంతో గంటల తరబడి నడిచే చిన్న ఇంజను ఎంత వేడెక్కుతుందో మోసే మనిషి వీపుకు తెలుసు.

అంతకంటే ప్రమాదం సీజను అయ్యాక వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో పని అయిపోయాక, ట్యాంకులో పావు లీటరు మిగిలిన స్ప్రేయరును గొడ్లచావిట్లో తగిలించేస్తాం. మళ్ళీ ఆగస్టులో దించుతాం. మధ్యలో వర్షాకాలపు తేమ. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటగానే ఎథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి, పెట్రోలు పైన తేలుతుంది. టూటీ ఆయిల్ పెట్రోలుతోనే పైన ఉంటుంది. ఇంజను గొట్టం పీల్చేది అడుగునుంచి. అంటే ఆగస్టులో తాడు లాగి స్టార్టు చేసేసరికి లోపలికి వెళ్ళేది ఆయిల్ లేని నీళ్ళ ఎథనాల్. స్టార్టు కాకపోతే మేలు. స్టార్టయితే సిలిండరు గీసుకుపోతుంది.

నమ్మనివాళ్ళు ఇంట్లో చేసి చూడవచ్చు. మిల్లీలీటర్ల గీతలున్న సన్నటి గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, 10 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి, మూత బిగించి బాగా ఊపి, నిలబెట్టండి. పొయ్యికి, దీపానికి దూరంగా చెయ్యండి. పది నిమిషాలాగి చూస్తే అడుగున నీటి పొర 10 దగ్గర ఉండదు. ఇరవై పాళ్ళ పెట్రోలైతే 30 దగ్గరికి పెరిగి ఉంటుంది. పెరిగిన 20 మిల్లీలీటర్లు ఎథనాలే. ఇది మోసం పట్టుకునే పరీక్ష కాదు, మనం ఏం పోస్తున్నామో తెలుసుకునే పరీక్ష. ఆ సంగతి తెలిస్తే స్ప్రేయరును ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలింది మండిపోయేదాకా నడిపి, అప్పుడు తగిలిస్తాం. రెండు నిమిషాల పని ఒక సిలిండరును కాపాడుతుంది.

మన వంతు

ఈ నేలకు కల్తీ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. 1987–88 పత్తి సీజనులో తెల్లదోమ మీద ఒకే తరహా మందులు మళ్ళీ మళ్ళీ కొట్టి, వాటిలో నాసిరకాన్ని నమ్మి, ప్రకాశం, గుంటూరు రైతులు ఎలా దెబ్బతిన్నారో పెద్దవాళ్ళకు గుర్తుంది. కొన్ని ఇళ్ళల్లో ఆ ఏడాది మనుషులే మిగల్లేదు. డబ్బా మీద రాసింది లోపల లేకపోవడం ఎంత దూరం పోతుందో మనం చూశాం. విత్తనానికి, పురుగుమందుకు, ఇంధనానికి ఒకటే సూత్రం: పోసిందే చెప్పాలి, చెప్పిందే పోయాలి.

అందుకని ఈ సభ ముందు మూడు కోరికలు పెడుతున్నాను.

మొదటిది బంకులకు, కంపెనీలకు. పంపు మీద ఎథనాల్ శాతం తెలుగులో, పెద్ద అక్షరాల్లో, నాజిల్ పట్టుకునే చేతికి ఎదురుగా కనిపించాలి. చిన్న ఇంజన్ల కోసం, పాత బండ్ల కోసం ఎథనాల్ తక్కువున్న పెట్రోలు మండలానికొక చోటైనా దొరకాలి. బ్రెజిల్ 2003 నుంచి ఎంత ఎథనాల్‌నైనా తట్టుకునే ఫ్లెక్స్ బండ్లు తయారుచేసుకుంది. మనం బండి మార్చుకునేలోగా మనిషికి ఎంచుకునే వీలుండాలి.

రెండోది మన కళాశాలలకు. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు చుట్టూ ఎన్నో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలలున్నాయి. ప్రతి మెకానికల్ ల్యాబులో సాంద్రత కొలిచే హైడ్రోమీటరు, గాజు గొట్టాలు, వడపోత కాగితాలు ఉన్నాయి. నెలకు ఒక శనివారం తలుపు తెరిచి, రైతు తెచ్చిన సీసాను ఉచితంగా పరీక్షించి, చీటీ మీద ఫలితం రాసివ్వండి. విద్యార్థులకు అంతకంటే మంచి ప్రాక్టికల్ ఉండదు.

మూడోది మనకు. బంకులో వడపోత కాగితం అడగడం, సాంద్రత చూపించమనడం, 5 లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపమనడం వినియోగదారుడి హక్కు. వంద రూపాయల పెట్రోలుకు ఇంత రాద్ధాంతమా అని వెనకవాళ్ళు హారన్ కొడతారు. కొట్టనివ్వండి. వందమందిలో పదిమంది అడిగినా మిగతా తొంభైమందికి మంచి పెట్రోలు పడుతుంది. ఊరి చెరువును ఒక్కడు పాడుచేస్తే ఊరంతా ఆ నీళ్ళే తాగాలి. ఇంధనమూ ఉమ్మడి చెరువే.

పలచని మంట మళ్ళీ వస్తుందా అని నన్ను అడిగేవాళ్ళున్నారు. 10 పీపీఎం పెట్రోలు ఇప్పుడు దేశమంతటా ఉంది. 1996లో ఆ ఇంజను దేనికోసం ఎదురుచూసిందో అది ఇవాళ మన ఊరి బంకులో ఉంది. హైబ్రిడ్ బండ్లకు తోడుగా, ఎథనాల్ మండించే ఇంజన్లకు తోడుగా ఆ పద్ధతి పనికొచ్చే దారులున్నాయి. ఆ పని మన పిల్లలు చెయ్యాలని నా కోరిక. చెయ్యడానికి కూర్చున్నప్పుడు వాళ్ళు మొదట పిస్టను బొమ్మ గీయడం మొదలుపెట్టకూడదు.

మాస్టారి ల్యాబులో ఆ బల్ల ఇంకా ఉంది. ఈ సభ అయ్యాక మనం అందరం అక్కడికి వెళ్తాం. బీరువాలో ఉన్న ఆ కొరికిన పిస్టనును ఈ ఏడాది కొత్తగా చేరిన పిల్లలకు చూపిస్తాను. పక్కన ఒక సీసా పెట్రోలు, ఒక వడపోత కాగితం పెట్టించాను. చుక్క వేసేది వాళ్ళే. ఎవరూ ఊదకుండా రెండు నిమిషాలు నిలబడదాం. మాస్టారికి మనం చెయ్యగల నివాళి అదే.